వ్రణశేషం ఉండరాదు

అండమాన్ ట్రంక్ రోడ్డు మీద దక్షిణం నుండి ఉత్తరానికి పగలంతా ప్రయాణించిన తరువాత బస్సు మాయాబందర్ చేరుతుంది. మధ్య అండమాన్ దీవి ఉత్తరపు కొసన, సముద్రాన్ని ఆనుకొని ఉన్న చిన్న పట్టణమిది. 2006లో ఏర్పడిన ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాకు ఇదే ముఖ్యపట్టణం. ఊరు చిన్నదైనా ఇక్కడ వినవచ్చే భాషలు అనేకం. 1925లో బర్మా నుండి వచ్చి స్థిరపడిన కరెన్ ప్రజలు సమీపంలోని వెబి గ్రామంలో ఉన్నారు. దేశవిభజన తరువాత తూర్పు బెంగాలు నుండి వచ్చిన రైతు కుటుంబాలున్నాయి. అడవి పనులకు ఛోటా నాగపూర్ నుండి వచ్చినవారి సంతతి ఉన్నది. తమిళులు, మలయాళీలు ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి వలలతో, పడవలతో వచ్చిన తెలుగు జాలరులూ ఉన్నారు. వీరందరినీ కలిపే వ్యవహార భాష హిందీ.

కొంతకాలం క్రితం ఒక ఆరోగ్య కరపత్రాన్ని హిందీ నుండి తెలుగు చేసే పనిమీద నేను అక్కడికి వెళ్ళాను. తెలుగు తెలిసినవాడు వచ్చాడని విని ఒక వృద్ధ జాలరి మడతలు పడిన కాగితాన్ని చేత పట్టుకొని వచ్చాడు. రెండేళ్ళ క్రితం ముక్కు పక్కన ఉన్న నల్లని చిన్న కాయను ఒక ఆసుపత్రిలో కోసి తీశారట. ఇంటికి పంపేటప్పుడు ఈ కాగితం ఇచ్చారట. దాని అడుగున ఎవరో చేతితో హిందీలో ఒక వాక్యం వ్రాశారు: ‘కినారే తక్ రోగ్ హై.’

"ఇందులో ఏమున్నదో నీకు ఎవరైనా చెప్పారా, తాతా?" అని అడిగాను.

"సెప్పారు బాబూ. రోగం కినారాకొచ్చేసింది, ఒడ్డున పడిపోనావు తాతా అని మా మనవడు సదివి సెప్పినాడు. అందుకే మరి ఆసుపత్రి కెల్లనేదు."

కినారా అన్న మాటకు హిందీలో ఒడ్డు అనీ, అంచు అనీ రెండర్థాలున్నవి. సముద్రం మీద బ్రతికే కుటుంబానికి మొదటి అర్థమే తోచడం సహజం. తెలుగులో ఒడ్డున పడడమంటే కష్టం గడవడం. కాని ఆ కాగితం చెప్పినది అందుకు పూర్తిగా విరుద్ధమైన సంగతి. కోసి తీసిన ముక్క అంచుదాకా వ్యాధి ఉన్నదని దాని భావం. అనగా కత్తి పడిన చోటికి అవతల, ఆ వృద్ధుని ముఖంలోనే, వ్యాధి ఇంకా మిగిలి ఉండవచ్చునన్న మాట. ఆనాడు చూస్తే పాత మచ్చ పక్కనే గట్టిగా, మెరుస్తూ మరొక బొడిపె లేచి ఉన్నది.

ఒక్క మాట అర్థం కాకపోవడం వల్ల రెండేళ్ళు గడచిపోయాయి. ఆ మాట వెనుక ఉన్న శాస్త్రాన్ని పాఠకులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాచీనులు ఎరిగిన సంగతే

ఋణశేషం, శత్రుశేషం, అగ్నిశేషం, వ్రణశేషం ఉంచరాదని మన పెద్దలు చెబుతారు. అప్పులో కొంత మిగిలితే వడ్డీతో పెరుగుతుంది. నిప్పులో రవ్వ మిగిలితే ఇల్లు తగలబడుతుంది. పుండులో కొంత మిగిలితే అదీ అటువంటిదే.

ఇది కేవలం లోకోక్తి కాదు. సుశ్రుత సంహితలో శరీరంపై పెరిగే కణుతులను అర్బుదాలు అన్నారు. ఒకసారి పుట్టిన చోటనే మళ్ళీ పుట్టే దానికి అధ్యర్బుదమని ప్రత్యేకంగా పేరు పెట్టారు. అర్బుదానికి చికిత్స చెప్పిన అధ్యాయంలో, దోషం కొంచెమైనా మిగిల్చి తీసిన అర్బుదం త్వరలోనే తిరిగి పుడుతుందనీ, కనుక శేషం లేకుండా తీయవలెననీ, మిగిలినది అగ్నివలె చంపుతుందనీ హెచ్చరిక కనబడుతుంది. సూక్ష్మదర్శిని లేని కాలంలో, కంటి చూపు మీద, అనుభవం మీద ఆధారపడిన వైద్యులు ఈ నిర్ణయానికి రావడం గమనింపదగినది. ఆ శేషం ఏమిటో, ఎక్కడ దాగి ఉంటుందో చూపినది మాత్రం ఆధునిక శాస్త్రమే.

చర్మంలో మూడు విధాల కాన్సర్

చర్మం పైపొర అనేక వరుసల కణాలతో ఏర్పడినది. అన్నిటికంటె అడుగున ఉన్న వరుసలో కొత్త కణాలు నిత్యం పుడుతూ, క్రమంగా పైకి జరిగి, చదునై, చివరకు పొట్టుగా రాలిపోతాయి. అడుగు వరుసను పోలిన కణాలు అదుపు తప్పి పెరిగితే దానిని వైద్యులు బేసల్ సెల్ కాన్సర్ అంటారు. పైవరుసలలోని చదునైన కణాల నుండి పుట్టినది స్క్వేమస్ సెల్ కాన్సర్. చర్మానికి రంగునిచ్చే కణాల నుండి పుట్టినది మెలనోమా.

ఈ మూడింటి స్వభావం ఒకటి కాదు. బేసల్ సెల్ కాన్సర్ నెమ్మదిగా పెరుగుతుంది. ఇతర అవయవాలకు ప్రాకడం మిక్కిలి అరుదు. కాని ఉన్న చోటనే చుట్టుపక్కల చర్మాన్ని, మృదులాస్థిని, ఎముకను సైతం తినివేస్తుంది. 1827లో డబ్లిన్ వైద్యుడు ఆర్థర్ జేకబ్ కనురెప్పలపై వచ్చే ఇటువంటి పుండును వర్ణించాడు. తరువాతి వైద్యులు దీనికి ఎలుక కొరికినట్లు తినే పుండు అన్న అర్థంలో పేరు పెట్టారు. భారతీయులలో ఇది తరచు గోధుమ, నలుపు రంగులలో ఉండడం వల్ల పుట్టుమచ్చ అనుకొని ఉపేక్షించే అవకాశం ఎక్కువ.

స్క్వేమస్ సెల్ కాన్సర్ అంతకంటె ప్రమాదకరం. ఇది లసికా గ్రంథులకు, అక్కడి నుండి దూరపు అవయవాలకు ప్రాకగలదు. మెలనోమా అరుదైనదే కాని మూడింటిలోను భయంకరమైనది. నల్లని మేనిఛాయ గలవారిలో ఇది ఎండ తగిలే చోట్ల కంటె అరికాలిలో, అరచేతిలో, గోటి క్రింద ఎక్కువగా కనిపిస్తుంది.

అలవాట్లు, పుండ్లు

తెల్లజాతివారిలో చర్మపు కాన్సర్‌కు ప్రధాన కారణం ఎండలోని అతినీలలోహిత కిరణాలు. మన చర్మంలోని రంగు కొంతవరకు మనలను కాపాడుతుంది. అయినా సముద్రం మీద ఏళ్ళ తరబడి ఎండలో పనిచేసేవారికి ఆ రక్షణ సంపూర్ణం కాదు. దీనికి తోడు మన దేశంలో మానని పుండ్లు, కాలిన మచ్చలు, నిరంతరపు ఒరిపిడి ఈ వ్యాధికి దారితీయడం వైద్యులు బహుకాలంగా గమనిస్తున్నారు.

కాశ్మీరంలో చలికాలం ప్రజలు నిప్పులు నింపిన కాంగ్డీని వదులైన అంగరఖా లోపల పొట్టకు దగ్గరగా పట్టుకొంటారు. ఆ వేడికి కమిలిన పొట్టమీద, తొడలమీద కాన్సర్ రావడాన్ని 1866లోనే డాక్టర్ ఎల్మ్‌స్లీ ప్రకటించాడు. ధోవతిని నడుముకు బిగించి కట్టే చోట ఏళ్ళ తరబడి ఒరిసి పుట్టే కాన్సర్‌ను 1945లో డాక్టర్ ఖానోల్కర్, సూర్యాబాయి వర్ణించారు. చీరె క్రింద లంగాకు కట్టే బొందు ఒరిసిన చోట స్త్రీలకు ఇదే వ్యాధి రావడాన్ని తరువాతి వైద్యులు చూశారు. గంగా నది దిగువ మైదానంలో భూగర్భ జలంలోని పాషాణం వల్ల చర్మంపై మచ్చలు, గట్టి బొడిపెలు ఏర్పడి కొందరిలో కాన్సర్‌గా మారుతున్నవి.

మన శ్రీకాకుళం, విశాఖ తీరాలలో నిప్పున్న కొనను నోటిలో పెట్టుకొని చుట్ట త్రాగే అడ్డపొగ అలవాటు ఉన్నది. దాని వలన అంగిలిపై వచ్చేది చర్మపు కాన్సర్ కాకపోయినా, అదీ చదునైన కణాల నుండి పుట్టేదే. వేడి, ఒరిపిడి, విషపదార్థం ఒకే చోట ఏళ్ళ తరబడి తగిలితే కణం తన క్రమాన్ని మరచిపోగలదన్నది కాశ్మీరానికీ కళింగాంధ్రకూ సమానంగా వర్తించే సత్యం.

కాలిన గాయపు మచ్చలో పుట్టే పుండును 1828లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు మార్జొలే వర్ణించాడు. అది కాన్సర్‌గా మారడానికి తరచు దశాబ్దాలు పడుతుంది. బాల్యంలో కాలిన కాలిమీద నడివయసులో పుండు లేచి మానకపోతే, పాత మచ్చే కదా అని ఊరుకోరాదు.

కోసినా ఎందుకు మిగులుతుంది?

పొలంలో తుంగ పీకిన రైతుకు ఈ సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. పైకి కనిపించే గడ్డిని పీకివేస్తే నేల శుభ్రంగా కనబడుతుంది. లోపల దారాలవంటి వేళ్ళకు తగిలి ఉన్న చిన్న గడ్డలు మిగిలి, తొలి వానకు అక్కడే మళ్ళీ మొలుస్తాయి. చర్మపు కాన్సర్ సైతం పైకి శనగ గింజంత కనిపించినా, చర్మం క్రింద సన్నని పోగులుగా పక్కలకూ లోతుకూ సాగి ఉండవచ్చును. ఆ పోగులు కంటికి కనబడవు, చేతికి తగలవు.

అందువల్ల శస్త్రవైద్యుడు కనిపించే గడ్డతోపాటు చుట్టూ కొంత ఆరోగ్యవంతమైన చర్మాన్ని కూడా తీస్తాడు. స్పష్టమైన అంచులు కలిగి 2 సెంటీమీటర్లకు లోబడిన బేసల్ సెల్ కాన్సర్‌కు చుట్టూ 4 మిల్లీమీటర్లు తీస్తే దాదాపు 95 శాతం సందర్భాలలో వ్యాధి పూర్తిగా తొలగుతుంది. స్క్వేమస్ సెల్ కాన్సర్‌లో ప్రమాదం తక్కువైన వాటికి 4 మిల్లీమీటర్లు, ఎక్కువైన వాటికి కనీసం 6 మిల్లీమీటర్లు అవసరమని చెబుతారు. మెలనోమాలో ఈ కొలత గడ్డ మందాన్ని బట్టి ఉంటుంది. మందం ఒక మిల్లీమీటరు లోపైతే చుట్టూ ఒక సెంటీమీటరు, రెండు మిల్లీమీటర్లు దాటితే రెండు సెంటీమీటర్లు తీస్తారు. మందమే రోగి భవిష్యత్తును సూచిస్తుందని 1970లో అమెరికా వైద్యుడు బ్రెస్లో నిరూపించాడు.

వీపు మీద, తొడ మీద ఈ కొలతలు పాటించడం సులభం. కంటి పక్కన, ముక్కు మీద, చెవి చుట్టూ ఒక్కొక్క మిల్లీమీటరూ విలువైనదే. రెప్ప కొంచెం ఎక్కువ కోస్తే కన్ను మూతపడదు. ముక్కు అంచు తీస్తే రూపం చెడుతుంది. అందుచేత వైద్యుని చేయి అక్కడ సహజంగానే వెనుకాడుతుంది. సరిగ్గా ఆ ప్రదేశాలలోనే వ్యాధి ఎక్కువ లోతుకు సాగుతుంది. అంచులు స్పష్టంగా లేని రకం, నరాల వెంట ప్రాకే రకం, గతంలో ఒకసారి కోయగా తిరిగి వచ్చిన రకం మరింత మొండివి.

అంచు చెప్పే సాక్ష్యం

కోసి తీసిన ముక్కను పారవేయరాదు. దానిని ఫార్మలిన్ ద్రవంలో ఉంచి ప్రయోగశాలకు పంపుతారు. ఏ వైపు ఏదో తెలియడానికి ఒక కొసన దారపు గుర్తు వేస్తారు. పెథాలజిస్టు ముక్క అంచులకు రంగు సిరాలు పూసి, పలుచని పొరలుగా కోసి, సూక్ష్మదర్శిని క్రింద పరీక్షిస్తాడు. కాన్సర్ కణాలకూ సిరా పూసిన అంచుకూ మధ్య ఆరోగ్యవంతమైన కణాలుంటే అంచు నిర్మలమని వ్రాస్తాడు. కాన్సర్ కణాలు సిరాను తాకి ఉంటే అంచుదాకా వ్యాధి ఉన్నదని వ్రాస్తాడు. మాయాబందర్ తాత కాగితంపై ఉన్నది ఈ రెండవ మాటే.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చును. అంచున వ్యాధి ఉన్నదని వ్రాసినంత మాత్రాన అందరికీ తిరిగి వస్తుందా? రాదు. బేసల్ సెల్ కాన్సర్‌ను అసంపూర్ణంగా తీసి ఊరకే ఉన్నవారిలో సుమారు మూడవ వంతు మందికి వ్యాధి తిరిగి వచ్చినట్లు పెక్కు పరిశీలనలలో తేలినది. మిగిలిన కొద్ది కణాలను గాయం మానేటప్పటి వాపు, శరీరపు రోగనిరోధక శక్తి నాశనం చేసి ఉండవచ్చునని భావిస్తారు. అట్లే అంచు నిర్మలమని వచ్చినా నూటికి నూరు పాళ్ళు నిశ్చింత లేదు. మామూలు పరీక్షలో అంచంతటినీ కాక, కోసిన పొరలలో పడిన కొద్ది భాగాన్నే చూడగలరు.

కాని ఈ మూడవ వంతు లెక్కను ధైర్యం కోసం వాడుకోరాదు. స్క్వేమస్ సెల్ కాన్సర్, మెలనోమాల విషయంలో శేషాన్ని ఉపేక్షించడమంటే వ్యాధి లసికా గ్రంథులకు ప్రాకడానికి వ్యవధి ఇవ్వడమే. బేసల్ సెల్ కాన్సర్‌లోనైనా తిరిగి వచ్చినది మొదటిదానికంటె కష్టసాధ్యం. అది పాత మచ్చ క్రింద, లేదా అతికించిన చర్మం క్రింద దాగి పెరుగుతుంది. బయటపడేసరికి లోతుగా, పలుచోట్ల విడివిడిగా ఉంటుంది. మొదట నాలుగు కుట్లతో పోయేది తరువాత ముక్కులో భాగాన్నే కోరవచ్చును.

మిగిలినదానికి ఉపాయాలు

అంచున వ్యాధి ఉన్నదని తేలితే సాధ్యమైనంత త్వరగా ఆ చోటును మళ్ళీ విస్తరించి కోయడం సాధారణ మార్గం. శస్త్రచికిత్సకు వీలులేని వృద్ధులకు, సున్నితమైన ప్రదేశాలలో ఉన్నవారికి రేడియేషన్ చికిత్స ఉపకరిస్తుంది.

ముఖంపై వచ్చిన మొండి కాన్సర్లకు మరొక పద్ధతి కలదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రెడరిక్ మోస్ 1930ల దశకంలో దీనిని రూపొందించి 1941లో ప్రకటించాడు. జింక్ క్లోరైడ్ లేపనంతో కణజాలాన్ని గట్టిపరచి, పలుచని పళ్ళెం వలె ఒక పొర తీసి, దాని అడుగుభాగాన్ని, అంచునంతటినీ సూక్ష్మదర్శినితో చూస్తారు. ఎక్కడ వ్యాధి కనిపిస్తే పటంలో అక్కడ గుర్తు వేసుకొని, ఆ చోటనే మరొక పొర తీస్తారు. వ్యాధి కనిపించని పొర వచ్చేవరకు ఇట్లు కొనసాగుతుంది. లేపనంతో పనిలేకుండా తాజా కణజాలాన్ని గడ్డకట్టించి అదేరోజు చూసే విధానం 1970ల దశకం నుండి వ్యాప్తిలోకి వచ్చినది.

ముఖంపై బేసల్ సెల్ కాన్సర్ ఉన్నవారిపై నెదర్లాండ్స్ దేశంలో జరిగిన పరిశీలన పదేళ్ళ ఫలితాలు 2014లో వెలువడినవి. మొదటిసారి వచ్చిన కాన్సర్ మామూలు శస్త్రచికిత్స తరువాత 12.2 శాతం మందిలో, మోస్ పద్ధతిలో 4.4 శాతం మందిలో తిరిగి వచ్చినది. అప్పటికే ఒకసారి తిరగబెట్టిన కాన్సర్‌లో ఈ సంఖ్యలు 13.5, 3.9. అంచునంతటినీ చూడడం వల్ల కలిగే లాభం ఇంత. ఈ పద్ధతికి ప్రత్యేక శిక్షణ, ప్రయోగశాల, ఎక్కువ సమయం అవసరం కావడం వల్ల ఇది మన దేశంలో పెద్ద నగరాలలో కొన్ని చోట్ల మాత్రమే లభిస్తుంది.

దూరం కూడా రోగానికి తోడే

నగరవాసికి మళ్ళీ రమ్మనడం చిన్న మాట. దీవులలో ఉన్నవారికి అది పెద్ద ప్రయాణం. మాయాబందర్‌లో జిల్లా స్థాయి ఆసుపత్రి ఉన్నది. పెద్ద శస్త్రచికిత్సకు పోర్ట్ బ్లెయర్ వెళ్ళాలి. 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన ఆ నగరంలో గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి ఉన్నది. కాన్సర్‌కు ప్రత్యేక చికిత్స కావలెనంటే అనేకులు సముద్రం దాటి చెన్నై, కలకత్తా, విశాఖపట్నాలకు పోవలసి ఉంటుంది. చెన్నైలో 1954లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి కృషితో నెలకొన్న అడయారు కాన్సర్ సంస్థ, హైదరాబాదులో 1955లో ప్రారంభమైన ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి, విశాఖలో టాటా స్మారక కేంద్రం నడిపే హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఇటువంటివారికి ఆశ్రయం.

ఓడ టిక్కెట్టు, తోడు వచ్చేవారి కూలి నష్టం, వేట కాలం తప్పిపోవడం, ఇవన్నీ లెక్కవేసుకొన్న పేదవాడు మానిన గాయాన్ని చూసి చాలనుకొంటాడు. అందుకే మొదటిసారి ఆసుపత్రి వదలక ముందే రోగిగాని, బంధువులుగాని మూడు ప్రశ్నలు అడగాలి. తీసిన ముక్కను పరీక్షకు పంపారా? అంచుల విషయంలో ఏమి వచ్చినది? మళ్ళీ ఎప్పుడు రావాలి? వీటికి సమాధానాలను తమ భాషలో చెప్పించుకొని, కాగితాన్ని భద్రపరచుకోవాలి. అడగడం రోగి హక్కు. అర్థమయ్యేటట్లు చెప్పడం వైద్యశాల బాధ్యత.

వ్యాధి తిరిగి వస్తే దాని ఆనవాళ్ళు తెలిసి ఉండడం మంచిది. పాత మచ్చలో లేదా దాని పక్కన మెరిసే బొడిపె, పొలుసు కట్టి రాలి మళ్ళీ కట్టే చోటు, నెలలోపు మానని పుండు, ఊరకే రక్తం కారడం, మచ్చ గట్టిపడి వెడల్పు కావడం, రంగు మారడం, ఆ ప్రాంతంలో తిమ్మిరి లేక నొప్పి, మెడలోగాని చంకలోగాని గజ్జలలోగాని గడ్డ, వీటిలో ఏది కనబడినా ఆలస్యం చేయరాదు. స్క్వేమస్ సెల్ కాన్సర్ తిరిగి వస్తే చాలావరకు రెండేళ్ళలోపే వస్తుంది. బేసల్ సెల్ కాన్సర్ సగానికి పైగా మూడేళ్ళలో బయటపడినా, ఐదేళ్ళు దాటిన తరువాత కూడా రావచ్చును. కనుక ఏ నొప్పీ లేకపోయినా వైద్యుడు చెప్పిన గడువులలో చూపించుకొంటూ ఉండాలి.

మళ్ళీ ఆ కాగితం

నేను ఆ వాక్యానికి సరియైన అర్థం చెప్పినప్పుడు తాత చాలాసేపు మాట్లాడలేదు. మనవడు తల వంచుకొని నిలబడ్డాడు. పిల్లవాని తప్పు ఏమున్నది? తనకు తెలిసిన మాటకు తెలిసిన అర్థమే చెప్పాడు. నెల తిరగకుండా ఇద్దరూ ఓడ ఎక్కారు. ముఖ్యభూమిలోని ఒక ఆసుపత్రిలో రెండవసారి శస్త్రచికిత్స జరిగినది. మొదటిసారికంటె చాలా ఎక్కువ కోయవలసి వచ్చినది. నుదుటి చర్మాన్ని తిప్పి ముక్కు పక్కన అతికించారు. తిరిగి వచ్చిన తరువాత కొత్త కాగితాన్ని మనవని చేత నాకు పంపించాడు. అంచులన్నీ నిర్మలమని అందులో ఉన్నది. ఫోనులో ఆ మాట చదివి చెప్పాను.

"ఈ పాలి ఒడ్డు నిజమేనా బాబూ?" అని అడిగాడు.

నిజమేననీ, అయినా ఆరు నెలలకొకసారి చూపించుకోవలసిందేననీ చెప్పాను.

కరపత్రం తెలుగులో వెలువడినప్పుడు ‘అంచున వ్యాధి ఉన్నది’ అన్న వాక్యాన్ని అంతటితో వదలలేదు. ‘కోసి తీసిన ముక్క చివరిదాకా వ్యాధి కనిపించినది, అంటే మీ ఒంటిలో ఇంకా మిగిలి ఉండవచ్చును, తప్పక మళ్ళీ రండి’ అని విడమరచి వ్రాశాను. మూలంకంటె అనువాదం పెద్దదైనదని ఒకరు ఆక్షేపించారు. ఆ పెరిగిన మాటలను తీసివేయడానికి నేను అంగీకరించలేదు.